వెనక్కి నెట్టిన ఖర్జూరం గింజ

సౌదీకి నర్సులుగా వెళ్ళబోయే చెల్లెళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే రకం. లైసెన్సు పరీక్ష ఎంత కష్టం, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఎన్నాళ్ళకు చేతికొస్తుంది, హాస్టల్లో చేపల పులుసు వండుకోనిస్తారా. తెలిసినంతవరకు చెబుతాను. చెప్పిన ప్రతిసారీ ఇంకో విషయం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. రియాద్‌లో నేను అన్నిటికంటే కష్టపడి నేర్చుకున్నది సూదికీ సెలైనుకూ సంబంధించింది కాదు. పేకాట. ఎదురుగా కూర్చుని ఈ మాట అనే ధైర్యం నాకు లేదు. ఇప్పుడు కాంట్రాక్టు ముగిసి, ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని ఇంటికొచ్చి కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను.

మా ఇంట్లో పేకముక్క అంటే ఏమిటో మీకు తెలియాలి. చిన్నప్పుడు మా బాబాయి పెళ్ళిలో ఎవరో మరిచిపోయిన కళావరు రాజు మా మంచం కింద దొరికితే, అమ్మ దాన్ని చీపురుతో బయటికి తోసి, ఆ ఆదివారం పాస్టరుగారిని పిలిపించి ఇంట్లో ప్రార్థన చేయించింది. జాకీ ఎవరో రాజు ఎవరో కూడా నాకు విడిగా తెలియదు. అలాంటి నేను ఒక మనిషి భవిష్యత్తు పేకముక్కల మీద ఆధారపడిన చోటికి వచ్చిపడ్డాను.

మా ఆసుపత్రి మలాజ్ పేటలో ఉండేది. పక్షవాతం వచ్చినవాళ్ళను, ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ళను మళ్ళీ నిలబెట్టే ఆసుపత్రి. అక్కడికి దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒకాయన చేరారు. యాభై దాటి ఉంటాయి. రియాద్‌లోనే ఒక హోటల్లో మేనేజరు. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. మిగిలింది ఒక్కటే మాట: ‘ఓకే’. దాహమా అంటే ఓకే. నొప్పా అంటే ఓకే. మీరు ఆడవారా అని మాట నేర్పే థెరపిస్టు పరీక్ష కోసం అడిగినా ఓకే.

ఆ థెరపిస్టు జోర్డాన్ అమ్మాయి, నా వయసుదే. బల్ల మీద కప్పు, దువ్వెన, తాళంచెవి పెట్టి, “దువ్వెన చూపించండి” అనేది. ఆయన కప్పు చూపించేవారు. మర్నాడు తాళంచెవి. తరవాత్తరవాత ఏదీ చూపించకుండా కళ్ళు మూసుకునేవారు. నెలాఖరులో డాక్టర్ల సమావేశం ఉంది. చెప్పింది అర్థమవుతోందనడానికి ఏదో ఒక ఆధారం అక్కడ చూపించాలి. లేకపోతే థెరపీ ఆపేసి, దీర్ఘకాలపు రోగుల్ని ఉంచే చోటికి పంపేస్తారు. అక్కడ ట్యూబు ద్వారా ఆహారం ఇస్తారు, పక్కకు తిప్పి పడుకోబెడతారు, బట్టలు మారుస్తారు. తప్పు పట్టలేం, శుభ్రంగానే చూస్తారు. కానీ అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ మా వార్డుకు రావడం నేను చూడలేదు.

ఆయన భార్య ఉదయం వచ్చి సాయంత్రందాకా మంచం పక్కనే ఉండేది. సన్నటి మనిషి. పెద్దగా మాట్లాడేది కాదు, అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది. ఒకరోజు ఇంటినుంచి అరిగిపోయిన పేకదస్తా తెచ్చి ఆయన ఎడమచేతిలో పెట్టింది. ఆయన దాన్ని మధ్యాహ్నమంతా వదల్లేదు. బొటనవేలితో అంచుల్ని దువ్వుతూనే ఉన్నారు.

“హోటళ్ళలోకి రాకముందు మా దేశంలో కాసినోలో పనిచేసేవారు,” అని ఆవిడ చెప్పింది. “త్రీ కార్డ్ పోకర్ బల్ల. ముక్కలు పంచే కొత్త కుర్రాళ్ళకు ఈయనే ఆట నేర్పేవారు.”

థెరపిస్టు కళ్ళు మెరిశాయి. “కప్పూ దువ్వెనా ఎందుకు మరి! అదే ఆడిద్దాం. నాకు పేక రాదు. నీకు వచ్చా?” అని నా వైపు తిరిగింది.

నాకు రాదు. రాదని చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆవిడ, ఆయన, థెరపిస్టు ముగ్గురూ నన్నే చూస్తున్నారు. అంతమంది చూస్తే నేను తలవంచుకుంటాను. దాన్ని వాళ్ళు అవునని తీసుకున్నారు.

ఆ దేశంలో జూదం నేరం కదా, పెద్ద డాక్టరుగారు ఒప్పుకోరనే ధైర్యంతో ఉన్నాను. ఆయన సౌదీ మనిషి, మంచివాడే, పని దగ్గర మాత్రం ఖచ్చితం. విని నవ్వేశారు. “ముక్కలే కదా? మా అన్నదమ్ములు రోజూ బలూత్ పేకాట ఆడుతూ మా అమ్మ చేత తిట్లు తింటారు. ఆడించు, సిస్టర్. ఫులూస్ మాత్రం కనపడకూడదు. కనపడిందా, ఆటా ఖలాస్, నువ్వూ ఖలాస్.”

డబ్బు కనపడకూడదన్నారు కాబట్టి ఖర్జూరం గింజలు తీసుకున్నాను. ఉనైజా ఊరి నుంచి ఒక పేషెంటు వాళ్ళు పంపిన ఖర్జూరాల డబ్బా నర్సుల గదిలో ఎప్పుడూ ఉండేది. గింజలు కడిగి ఆరబెట్టాను. ఒంటిచేత్తో మూడు ముక్కలు పట్టుకోలేరు కదా, అందుకని పాత పుస్తకం అట్ట మడిచి ముక్కలు నిలబెట్టుకునేలా చేశాను. మిగిలింది ఆట నేర్చుకోవడం.

ఫోనులో వెతికాను. నియమాలు చదువుదామని ఏ పేజీ తెరిచినా, ఇక్కడ ఇది చూడటానికి వీల్లేదనే తెర ఒకటి ఎదురయ్యేది. పోలీసులు వస్తారేమోనని ఫోను దిండు కింద దాచి, నన్ను చూసి నేనే సిగ్గుపడ్డాను.

చివరికి మా స్టాఫ్ బస్సు నడిపే హైదరాబాద్ అన్నను అడిగాను. డ్యూటీ దిగిన సిస్టర్లందరూ వచ్చేదాకా బస్సు ఆగి ఉంటుంది. ఆ కాసేపట్లో నేర్పమన్నాను.

“త్రీ కార్డా?” అన్నాడు అన్న, స్టీరింగు మీద చెయ్యి కొడుతూ. “గదేముంది చెల్లె, మన తీన్ పత్తీయే! మీ దిక్కు మూడు ముక్కలాట అంటరు చూడు, గదే. పేరు మార్చి సూటు తొడిగిన్రు, అంతే.”

వెనక సీట్లోంచి మా రూమ్మేటు అక్క, భీమవరం మనిషి, మెడ సాచి చూసింది. “ఏమే, ఇంగ్లీషు నవల్లో తల దూర్చుకుని కూర్చునేదానివి, ఇదెప్పటినించే? మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పనా, పిల్ల పేకాటలో పడిందండీ అని?”

“అక్కా, పేషెంటు కోసం…”

“అందరూ అలాగే మొదలెడతారు. మా మావయ్య కూడా చుట్టాల కోసవే మొదలెట్టాడు.”

బస్సంతా నవ్వింది. అన్న మాత్రం డ్యాష్‌బోర్డు మీద ముక్కలు పరిచి ఓపిగ్గా చెప్పాడు. అన్నిటికంటే పెద్దది మూడు ముక్కలూ ఒకటే అయితే. తరవాత ఒకే రంగులో వరుస. తరవాత ఉత్త వరుస. ఆ తరవాత ఒకే రంగు, జత, చివరికి విడిముక్క. “ఆసు రెండు మూడు వచ్చిందనుకో, పెద్ద వరుస. ఆసు, రాజు, రాణి ఒక్కటే దాన్ని కొడ్తది. యాద్ పెట్టుకో.” హాస్టలుకు చేరేలోగా రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు. పందెం ఎలా పెట్టాలో పేషెంటు భార్య చెప్పింది, అంతమటుకే ఆవిడకు తెలుసు: ఆడేవాడు ముందు ఒకటి పెడతాడు. తనకు మూడు ముక్కలు, పంచేవాళ్ళకు మూడు. చూసుకుని నచ్చకపోతే ఆ ఒకటీ వదులుకుంటాడు. నచ్చితే ఇంకొకటి పెడతాడు. అప్పుడు పంచినవాళ్ళు తమ ముక్కలు తిప్పుతారు.

మర్నాడు మధ్యాహ్నం అసర్ నమాజు తరవాత, వార్డు కాస్త సద్దుమణిగినప్పుడు, ఆయన ఎదుట బల్ల వేసుకుని కూర్చున్నాను. ముక్కలు కలపడం నాకు చేతకాదు. బియ్యం చెరిగినట్టు కలుపుతుంటే ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. మొదటి ఆట నేను రాజు ఉండి కూడా ఆయన జతకు ఓడిపోయాను. ఆయన పెట్టిన రెండింటికీ రెండు గింజలు ఇచ్చాను. తీసుకున్నారు. నా గుండె తేలికపడింది.

రెండో ఆట. పెద్దముక్క ఆయనకు రాజు, నాకు జాకీ. మళ్ళీ ఆయనే గెలిచారు. రెండు గింజలు ఇచ్చాను. ఆయన ఒకటి తీసుకుని, రెండోది వేలితో నా వైపు నెట్టారు.

“మీదే, మీరు గెలిచారు,” అన్నాను, చిన్నపిల్లలకు చెప్పినట్టు. గింజను మళ్ళీ ఆయన వైపు జరిపాను.

ఆయన వెనక్కి నెట్టారు. “ఓకే.”

“లేదు సార్, మీదే.”

“ఓకే! ఓకే!” గొంతు పెంచి, ఈసారి గట్టిగా నెట్టారు. గింజ ఎగిరి మంచం కింద పడింది. నేను నవ్వుతూ ఇంకోటి తీసి పెట్టాను. ఆ నవ్వే కోపం తెప్పించిందేమో, ఎడమచేత్తో ఒక్క ఊపున బల్ల మీద ఉన్నదంతా తుడిచేశారు. ముక్కలు, గింజలు, అట్ట అన్నీ నేల మీద పడ్డాయి. ఆయన భార్య లేచి నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రోగి రికార్డులో ఏం రాయాలో మాకు నేర్పిన భాష ఉంది కదా. అదే రాశాను. ఆందోళనగా ఉన్నారు. గెలుపు ఓటమి గుర్తించలేకపోతున్నారు. థెరపిస్టు అది చదివి నిట్టూర్చింది. పెద్ద డాక్టరుగారు, “అలిసిపోతున్నట్టున్నారు, బలవంతపెట్టకండి,” అన్నారు. ఆయన అన్నది నిజమే. అప్పుడు మా అందరికీ కనపడింది అంతవరకే.

బస్సులో అన్నకు చెబితే తల పట్టుకున్నాడు. “గెలిచినోడు వాపస్ ఇచ్చిండా? ఆటల గెలిచినోడు వాపస్ ఇచ్చుడు నా జిందగీల చూడలె చెల్లె. పాపం, దిమాక్ ఖరాబైంది.”

ఆ మాట నన్ను పట్టుకుంది. గెలిచినవాడు ఎందుకు వెనక్కిస్తాడు? అర్థంకానివాడైతే మొదటి ఆటలో కూడా ఇవ్వాలి కదా. అప్పుడు రెండూ తీసుకున్నారే. నాలుగు రోజులు చూసినా నా ఆలోచన అంతకుమించి కదల్లేదు. ఎవరినైనా అడగాలంటే నోరు రాదు. సమావేశం దగ్గరపడుతోంది. చివరికి ఒకరోజు ఆయనకు ట్యూబులో ఆహారం పోశాక, ఆయన భార్యతో కారిడార్లో నిలబడి అడిగాను.

“ఆయన కుర్రాళ్ళకు ఎలా నేర్పేవారు? ఏమైనా గుర్తుందా?”

“నాకు ఆట తెలీదమ్మా. ఒక్కరోజు కూడా ఆడలేదు. ఆదివారాలు మా వంటింటి బల్ల దగ్గరే కూర్చోబెట్టి నేర్పేవారు. నేను టీ పెట్టేదాన్ని. కుర్రాళ్ళు తప్పు చేస్తే బల్ల మీద అరచేత్తో కొట్టేవారు. వాళ్ళంతా ఒకేసారి ‘పంచేవాడికి రాణి ఉండాలి’ అని అరిచేవాళ్ళు. ఎన్నిసార్లు విన్నానో! పెళ్ళికాని కుర్రాళ్ళు కదా, నన్ను చూసి ఏదో హాస్యమాడుతున్నారనుకునేదాన్ని.” ఆవిడ కొంచెం నవ్వింది. “ఈయన్ని అడగలేదెప్పుడూ.”

మొదటి ఆటలో నా దగ్గర రాజు ఉంది. రెండో ఆటలో జాకీ మాత్రమే ఉంది. రాణి గానీ, అంతకు పెద్ద ముక్క గానీ, కనీసం ఒక జత గానీ లేదు.

పంచేవాళ్ళకు అంతపాటి ముక్కలు లేకపోతే వాళ్ళు ఆటలోకే రానట్టు. అప్పుడు ఆడినవాడు మొదట పెట్టిన గింజకే గెలుపు. రెండో గింజకు గెలుపూ లేదు, ఓటమీ లేదు, పెట్టినవాడికే తిరిగి వెళ్తుంది. ఆ రోజు ఆయనకు నేను ఇవ్వాల్సింది ఒక్క గింజ. రెండు ఇచ్చాను. మన మూడు ముక్కలాటలో ఈ నియమం లేదు, అందుకే అన్నకు తెలియదు, నాకూ తెలియదు. అక్కడున్నవాళ్ళలో ఆట తెలిసిన మనిషి ఒక్కరే. ఆయన మూడుసార్లు చెప్పారు. నేను మూడుసార్లూ వినిపించుకోలేదు.

ఆ మధ్యాహ్నం మళ్ళీ బల్ల వేశాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు. నేను ముక్కలు పంచి, నావి తిప్పి చూపించాను. పదీ, ఏడూ, మూడూ. ఆయనవి రాణి జత. పైకే అన్నాను: “పంచేవాళ్ళకు రాణి ఉండాలి. నాకు లేదు.” ఒక్క గింజే ఇచ్చి, ఆయన రెండో గింజను ఆయనకే జరిపాను.

ఆయన నెమ్మదిగా తల తిప్పారు. నా మొహంలోకి చూశారు. చేరినప్పటినుంచి నేను చూసిన చూపు కాదది. మొదటిసారి పాఠం అప్పజెప్పిన పిల్లను మేష్టారు చూసినట్టు ఉంది. “ఓకే,” అన్నారు.

తరవాత ఆట పరుగెత్తింది. ఇంకాసేపటికి ఆయనకు ఆసు, రెండు, మూడు వచ్చాయి. నాకు ఎనిమిది, తొమ్మిది, పది. అన్న నేర్పినదాని ప్రకారం ఆయనదే పెద్ద వరుస. నేను ఓడిపోయాననుకుని గింజలు తీయబోతుంటే, ఆయన తన రెండు గింజల్నీ నా ముందుకు నెట్టేశారు. ఈసారి నేను నవ్వలేదు, చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆయన తన ఆసును వేలితో లాగి రెండుకు కిందిపక్కన పెట్టి, తట్టారు. ఈ వరుసలో ఆసు అంటే ఒకటి. అన్ని వరుసల్లోకీ చిన్నది. పైన కాదు, కింద. నేను తలూపితే వదల్లేదు. నా వేలు పట్టుకుని ఆ ముక్క మీద పెట్టించి, మళ్ళీ తట్టించారు.

తాను ఓడిపోయానని నాకు నచ్చజెప్పడానికి అంత తాపత్రయపడిన మనిషిని నేను అప్పటికీ ఇప్పటికీ చూడలేదు.

థెరపిస్టు దగ్గరికి పరుగెత్తాను. వార్డులో పరుగెత్తకూడదని మనకు మొదటిరోజే చెబుతారు. ఆమె విని కుర్చీలోంచి లేచి నా భుజాలు పట్టుకుని కుదిపేసింది. “దువ్వెన చూపించమంటే ఎందుకు చూపిస్తాడు! ఆయనకు దువ్వెనతో పనేంటి! సమావేశంలో అందరిముందు ఆడు. కావాలనే తప్పులు చెయ్యి. ఆయన పట్టుకుంటే చాలు.”

కావాలని తప్పు చేయడం నాకు తప్పు చేయడంకంటే కష్టమని ఆ రోజు తెలిసింది. పెద్ద డాక్టరుగారు, థెరపిస్టు, పేషెంటు భార్య చుట్టూ కూర్చున్నారు. నాకు జాకీ వచ్చింది, ఆయన గెలిచారు. అనుకున్నట్టే రెండు గింజలు ఇచ్చాను. ఆయన కదల్లేదు. గింజల్ని చూసి నన్ను చూశారు. నాకు తెలిసిన నియమాన్ని తెలియనట్టు నటిస్తున్నానని ఆయనకు తెలిసిపోయింది. మొహంలో విసుగు. కళ్ళు మూసుకుంటారేమో అనుకున్నాను.

డాక్టరుగారు కలం తీసి మూత విప్పారు.

అప్పుడు పేషెంటు ఎడమచెయ్యి చాచి నా చేతిలోంచి దస్తా లాక్కున్నారు. బల్ల మీద పెట్టి, బొటనవేలితో ఒక్కొక్క ముక్కే జారుస్తూ మూడు ముక్కలు తనకు, మూడు డాక్టరుగారికి వేశారు. వేసి, ఒక గింజను డాక్టరుగారి ముందుకు నెట్టారు. ఆగారు.

“నన్ను ఆడమనా?” అన్నారు డాక్టరుగారు. కలం పక్కన పెట్టి, ఆ గింజను ముందుకు జరిపి, ముక్కలు తిప్పి చూసుకున్నారు. నా కుర్చీలోంచి కనపడుతున్నాయి: తొమ్మిది, ఐదు, రెండు. మూడూ మూడు రంగులు. బలూత్ ఆడే మనిషి, వెనక్కి తగ్గుతారా, రెండో గింజ కోసం చెయ్యి చాచారు. పేషెంటు ఎడమ అరచేయి టప్‌మని బల్ల మీద పడింది.

“ఓకే!”

డాక్టరుగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. పేషెంటు వేలు అటూ ఇటూ ఊపి, ముక్కలు బోర్లా వేసెయ్యమని చూపించారు. అంత చిన్న ముక్కలతో ఆడకూడదు. డాక్టరుగారు నావైపు చూశారు. “నిజమేనా?”

“నిజమే, డాక్టర్,” అన్నాను. ఆ సమావేశంలో నేను మాట్లాడింది అంతే.

డాక్టరుగారు ముక్కలు బోర్లా వేసి గట్టిగా నవ్వారు. “మా అన్నయ్య కూడా ఇలాగే కొడతాడు బల్లను.” తరవాత నవ్వు ఆపి మళ్ళీ కలం అందుకున్నారు. థెరపీ కొనసాగించమన్నారు. మాటలతో కాకుండా ఈ ఆటతోనే మొదలుపెట్టమన్నారు.

అద్భుతాలు జరిగాయని చెప్పను. మాట పూర్తిగా రాలేదు. ట్యూబు తీసేశారు, చేతికర్రతో నాలుగడుగులు వేయగలిగారు, అవును కాదు అనేవి వేలితో చూపించడం కుదిరింది. నేను రాసిన ‘ఆందోళనగా ఉన్నారు’ అనే మాట కింద, అలా ఎందుకు ఉన్నారో థెరపిస్టు తరవాత రాసింది. ఆ తరవాత ఎవరైనా పేషెంటు విసురుగా ఏదైనా తోసేస్తే, రాయడానికి ముందు నేను కాసేపు ఆగేదాన్ని. ఆగినంత మాత్రాన ప్రతిసారీ కారణం దొరకదు. కొందరు ఊరికే తోసేస్తారు, నిజంగానే.

వాళ్ళు తమ దేశం వెళ్ళిపోయే ముందు రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆవిడ నా దగ్గరికి వచ్చి, సిగ్గుపడుతూ అడిగింది. “నాకూ నేర్పుతావా?”

ముగ్గురం కూర్చున్నాం. నేను నియమాలు చెప్పాను, అన్న చెప్పినవి కాదు, ఆయన చెప్పినవి. ఆవిడను పంచమన్నాను. ఆవిడకు పది పెద్దముక్కగా వచ్చింది. అయినా ఆయన గెలిచారని రెండు గింజలూ ఇచ్చేసింది.

బల్ల మీద అరచేయి పడింది. “ఓకే!”

“ఏమిటి? గెలిచావుగా! తీసుకో!”

“ఓకే! ఓకే!”

“నా మీద అరవకు! నీ కుర్రాళ్ళలో ఒకదాన్ని కాదు నేను!” అంటూనే ఆవిడ సగంలో ఆగిపోయింది. రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని నావైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా నవ్వు. “చూశావా? నన్ను కోప్పడుతున్నాడు. ఆ రోజు పడిపోయినప్పటినుంచి నన్ను ఒక్కసారి కూడా కోప్పడలేదు.”

ఆయన అప్పటికే మళ్ళీ గింజను నెడుతున్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, గింజను పంతంగా ఆయన వైపే తోసింది. నియమం నాకు తెలుసు, చెప్పొచ్చు. చెప్పకుండా లేచి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేశాను. లోపల వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటున్నారు.